డొమైన్ కొన్నాక కూడా సైట్ ఎందుకు తెరుచుకోదు

"డబ్బు కట్టి డొమైన్ కొన్నాను, పేరు కొడితే ఏమీ రావట్లేదు." మొదటిసారి సైట్ పెట్టుకోవాలని దిగినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. అమ్మేవాళ్లు పేరు, చోటు, ఈమెయిల్, సర్టిఫికెట్ అన్నింటినీ ఒకే పేజీలో ఒకే బుట్టలో వేసి అమ్ముతారు కాబట్టి అదంతా ఒకే వస్తువులా కనిపిస్తుంది. నిజానికి డొమైన్ కొనడమంటే ఒక పేరు మీద కొంతకాలం హక్కు తీసుకోవడం, ఏడాదికి గానీ, మహా అయితే పదేళ్లకు గానీ. ఆ పేరు అడిగినవాళ్లు ఎక్కడికి వెళ్లాలో రాసి ఉంచే పట్టిక ఇంకోటి. వెళ్లిన చోట బదులు పలికే కంప్యూటర్ మరోటి. ఆ కంప్యూటర్లో పెట్టాల్సిన ఫైళ్లు ఇవేవీ కావు, అవి సైట్ పెట్టేవాళ్లే తయారుచేసుకుని తెచ్చుకోవాలి. ఈ నాలుగూ ఒకే కంపెనీ దగ్గర ఉండొచ్చు, నాలుగు వేర్వేరు చోట్ల కూడా ఉండొచ్చు. ఎక్కడున్నా సరే, వీటిని విడివిడిగా చూడడం అలవాటైతే సైట్ ఆగిపోయినప్పుడు సగం టెన్షన్ అక్కడికక్కడే తగ్గుతుంది.

సర్వర్ అన్న మాటలోనే కొంత తికమక ఉంది. ఇనప ర్యాకుల్లో బిగించి పెట్టిన యంత్రాన్నీ సర్వర్ అంటారు, ఆ యంత్రం మీద నడిచే ప్రోగ్రామునూ సర్వర్ అనే అంటారు. అసలు పని ప్రోగ్రాముది. యంత్రం మామూలు కంప్యూటరే, కాకపోతే ముందు మానిటర్ ఉండదు, ర్యామ్ ఎక్కువ, కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ప్రోగ్రామ్ చేసేది కూడా చెప్పుకుంటే చిన్న పనే: ఒక పోర్ట్ (యంత్రంలోకి వచ్చే, అంకె వేసిన తలుపు లాంటిది) దగ్గర కూర్చుని ఎవరైనా వస్తారేమోనని కాచుకోవడం, వచ్చినవాళ్లు అడిగింది వెతికి ఇవ్వడం, లేకపోతే లేదని చెప్పడం, మళ్లీ కాచుకోవడం.

దీన్ని చదివి నమ్మడం కన్నా ఒకసారి కళ్లతో చూడడం మేలు, ఖర్చేమీ లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఒక ఫోల్డర్లోకి వెళ్లి, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి, పైథాన్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ను ఒక్క లైను కమాండ్‌తో నడిపితే 8000 పోర్ట్ మీద సర్వర్ లేచి కూర్చుంటుంది. బ్రౌజర్‌లో 127.0.0.1:8000 (ఇదే కంప్యూటర్, 8000 పోర్ట్ అని అర్థం) అని కొడితే ఆ ఫోల్డర్లోని ఫైళ్ల జాబితా కనిపిస్తుంది. ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే ఫైలు అందులో ఉంటే జాబితాకు బదులు అదే పేజీలా తెరుచుకుంటుంది. ఇప్పుడు టెర్మినల్ వైపు చూస్తే ఒక లైను పడి ఉంటుంది: ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏం అడిగారు, చివర్లో 200 (దొరికింది, ఇచ్చానని అర్థం). దాని కిందే చాలాసార్లు ఇంకో లైను కూడా ఉంటుంది, ఫేవికాన్.ఐకో అనే ఫైలు కోసం, చివర్లో 404. ఆ ఫైలు అడగమని ఎవరూ చెప్పలేదు. ట్యాబ్ మీద పెట్టుకోవడానికి చిన్న బొమ్మ ఏదైనా ఉందేమోనని బ్రౌజరే తనంతట తాను అడిగింది, సర్వర్ లేదంది. ప్రపంచంలో ఎంత పెద్ద సైటైనా ఈ రెండు లైన్ల తంతే, కాకపోతే సెకనుకు లక్షల సార్లు జరుగుతుంది.

బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే భాష కూడా విచిత్రమైనదేం కాదు. హెచ్‌టీటీపీ మొదటి నుంచీ మనిషి చదవగలిగే అక్షరాలతోనే నడిచింది (కొత్త వెర్షన్లలో లోపల బైనరీగా ప్యాక్ చేస్తారు గానీ భావం మారలేదు). బ్రౌజర్ పంపేది "గెట్" అనే మాట, తర్వాత కావాల్సిన ఫైలు దారి, తర్వాత వెర్షన్, కింద లైన్లో "హోస్ట్" అని రాసి సైట్ పేరు, ఇంకా నాలుగైదు వివరాలు, చివర ఒక ఖాళీ లైను. ఆ ఖాళీ లైను పడిందంటే అడగాల్సింది అయిపోయిందని అర్థం. సర్వర్ వైపు నుంచి ముందు ఒక మూడంకెల సంఖ్య వస్తుంది, తర్వాత వచ్చే సరుకు గురించిన వివరాలు, మళ్లీ ఖాళీ లైను, ఆ తర్వాత సరుకు. ఆ సరుకు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) అయితే బ్రౌజర్ దాన్ని చదువుతూ, అందులో పేర్లు కనిపించిన ప్రతి బొమ్మకూ, స్టైల్ ఫైలుకూ, స్క్రిప్టుకూ మళ్లీ విడిగా అడుగుతుంది. పేజీ ఒక్కటే తెరిచాం అనుకుంటాం, వెనకాల యాభై, వంద రిక్వెస్టులు వెళ్లడం మామూలే.

ఈ వివరాల లైన్లను హెడర్లు అంటారు. తెలుగులో సైట్ పెట్టేవాళ్లకు వీటిలో ఒకటి ప్రత్యేకంగా తెలిసి ఉండాలి. పంపుతున్నది ఏ రకం ఫైలో, అందులోని అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే హెడర్ అది. అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. "అమ్మ" అన్న చిన్న మాట లోపల నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. ఫైలు యూటీఎఫ్-8లో ఉండి, సర్వర్ మాత్రం పాత లాటిన్ పద్ధతి అని చెప్పిందనుకోండి, బ్రౌజర్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివి నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరాలను, వాటి పక్కన డిగ్రీ గుర్తులను వరసగా పేర్చేస్తుంది. అలాంటి పేజీ చూసి ఫాంట్ పాడైందనుకుని ఫాంట్లు ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చునేవాళ్లున్నారు. ఫాంట్‌కు ఇందులో పాత్రేమీ లేదు, హెడర్లో ఒక్క మాట సరిచేస్తే పోతుంది.

ఇందాక చెప్పిన ల్యాప్‌టాప్ సర్వర్ ఉన్న ఫైలును ఉన్నట్టుగా ఇస్తుంది. ఇలాంటివాటిని స్టాటిక్ సైట్లు అంటారు. సొంత పరిచయం, చిన్న వ్యాపారం వివరాలు, వ్యాసాలు, వీటికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. ఈ మాట అమ్మేవాళ్లు పెద్దగా చెప్పరు. లాగిన్లు, వ్యాఖ్యలు, కార్టు లాంటివి వచ్చినప్పుడు కథ మారుతుంది, అడిగిన మనిషిని బట్టి పేజీని అప్పటికప్పుడు వండాలి, ఇలాంటివి డైనమిక్ సైట్లు. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్‌గా 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ చేసేది ఇదే. రిక్వెస్ట్ రాగానే వెబ్ సర్వర్ దాన్ని పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ప్రోగ్రాముకు అప్పగిస్తుంది, పీహెచ్‌పీ వెళ్లి వ్యాసాలూ వివరాలూ దాచి ఉంచే డేటాబేస్‌ను పదుల ప్రశ్నలు అడుగుతుంది, వచ్చిన జవాబులను టెంప్లేట్‌లో పోసి హెచ్‌టీఎంఎల్ తయారుచేస్తుంది, దాన్ని వెబ్ సర్వర్ బయటికి పంపుతుంది. స్టాటిక్ ఫైలు ఇవ్వడానికి మిల్లీసెకను కూడా పట్టని యంత్రానికే ఈ వంటకు అర సెకను పట్టొచ్చు.

ఆ అర సెకను ఎంత ఖరీదైనదో లెక్క వేస్తే గానీ తెలియదు. సైట్ ఉంచడానికి కంప్యూటర్లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ ప్లాన్ల పేజీల్లో "నెలకు లక్ష విజిట్లు" అని రాసి ఉంటుంది. నెలంటే దాదాపు 26 లక్షల సెకన్లు, కాబట్టి లక్ష విజిట్లు సమానంగా పరుచుకుంటే 26 సెకన్లకు ఒకరు వచ్చినట్టు. ఏ పాత కంప్యూటరైనా మోస్తుంది. కానీ జనం అలా వరసలో నిలబడి రారు. ఒక లింకు ఎవరో పంచుకుంటారు, ఒక్క నిమిషంలో రెండు వేల మంది వచ్చి పడతారు, అంటే సెకనుకు 33 మంది. ఆ ప్లాన్‌లో ఒకేసారి పది పీహెచ్‌పీ ప్రాసెస్‌లే (నడుస్తున్న ప్రోగ్రామ్ ప్రతులు) నడవనిస్తారనుకుంటే, పేజీకి అర సెకను చొప్పున సెకనుకు 20 పేజీలే తయారవుతాయి. మిగిలిన 13 మంది క్యూలో నిలబడతారు, తర్వాతి సెకనులో ఇంకో 13, ఆ తర్వాత ఇంకో 13. కాసేపటికి క్యూ ఎంత పెరుగుతుందంటే ముందున్నవాళ్లకు పేజీ సిద్ధమయ్యేలోపే విసుగొచ్చి రిఫ్రెష్ కొడతారు, అది ఇంకో రిక్వెస్ట్. చివరికి 503, లేదా 504, అంటే పేజీ ఇవ్వలేనని సర్వర్ చేతులెత్తేయడమే. నెల లెక్క చూసి ప్లాన్ కొన్నవాళ్లకు ఇది అన్యాయంలా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజు మొత్తానికి వచ్చింది అయిదు వేల మందే కావొచ్చు. దీనికి పెద్ద ప్లాన్ కొనడం కన్నా ముందు చేయాల్సింది కాష్ పెట్టుకోవడం: ఒకసారి వండిన పేజీని దాచి ఉంచి తర్వాతివాళ్లకు అదే ఇచ్చేస్తే డైనమిక్ సైట్ కూడా స్టాటిక్ సైటంత తేలిగ్గా నడుస్తుంది.

వచ్చినవాళ్లను ఎలా నిలబెట్టాలన్న ఈ గొడవే వెబ్ సర్వర్ ప్రోగ్రాముల చరిత్రలో ఒక మలుపు. 1995లో వచ్చిన అపాచీ మామూలుగా వచ్చిన ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను కేటాయించేది, అప్పటి రద్దీకి అది సరిపోయింది. 1999లో డాన్ కెగెల్ అనే ఇంజనీర్ ఒక ప్రశ్న లేవదీశాడు: యంత్రాలు ఇంత బలపడ్డాక ఒక్క సర్వర్ ఒకేసారి పది వేల కనెక్షన్లు ఎందుకు పట్టలేకపోతోంది? సీ10కే అన్న పేరుతో ఆ ప్రశ్న నిలిచిపోయింది. వచ్చిన కనెక్షన్లలో చాలావరకు ఏ పనీ చేయకుండా నెమ్మదిగా ఉన్న నెట్ కోసం ఎదురుచూస్తుంటాయి, వాటి కోసం ఒక్కో ప్రాసెస్‌ను కట్టేయడం దండగ. ఇగోర్ సిసోయెవ్ రాసి 2004లో బయటికి వదిలిన ఎన్జిన్ఎక్స్ ఈ పద్ధతిని తిరగేసింది. కొద్దిపాటి ప్రాసెస్‌లే ఉంటాయి, ఎవరి దగ్గర కదలిక కనిపిస్తే వాళ్ల పని చూసి వెంటనే పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాయి. అపాచీ కూడా ఆ తర్వాత ఈ దారి నేర్చుకుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండింట్లో ఏది మంచిదని గంటల తరబడి వెతుకుతారు గానీ చిన్న సైటుకు ఏదైనా ఒకటే.

ఇక హోస్టింగ్ సంగతి. ల్యాప్‌టాప్ మీదే సర్వర్ నడుస్తున్నప్పుడు డబ్బిచ్చి ఇంకొకరి కంప్యూటర్ ఎందుకు? మొదటి అడ్డంకి చిరునామా. నెట్‌లో యంత్రాలను గుర్తించే అంకెల చిరునామాను ఐపీ అంటారు. అందులో పాత రకమైన ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపి సుమారు 429 కోట్లు, కొత్తగా పంచడానికి కేంద్ర నిల్వలో ఉన్నవి 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకే ఇళ్లల్లో అన్ని పరికరాలూ రౌటర్ వెనక ఒక్క చిరునామాను పంచుకుంటాయి, ఆ ఒక్కటి కూడా మారిపోతూ ఉంటుంది, కొన్నిచోట్ల అదే చిరునామాను ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ మరికొన్ని ఇళ్లకూ పంచుతుంది. బయటివాళ్లు నేరుగా వచ్చి తలుపు తట్టే వీలు ఉండదు. రెండోది, ల్యాప్‌టాప్ మూస్తే సైట్ పడుకుంటుంది.

ఈ రెండో సమస్య వెబ్ అంత పాతది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర్లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో మొదటి వెబ్ సర్వర్‌ను తన బల్ల మీది నెక్స్ట్ కంప్యూటర్‌లోనే నడిపాడు. ఎవరైనా పొరపాటున ఆపేస్తారని దాని మీద ఒక కాగితం అంటించి ఎర్ర సిరాతో రాశాడు: ఈ యంత్రం సర్వర్, దీన్ని ఆపొద్దు. ఆ రోజు అది ఆగితే ప్రపంచంలో ఉన్న వెబ్ మొత్తం ఆగినట్టే. ఇవాళ హోస్టింగ్ కంపెనీలు అమ్ముతున్నది దాదాపుగా ఆ కాగితాన్నే. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు అయిపోయేలోపు జనరేటర్లు, వేడి లాగేసే చల్లదనం, రెండు మూడు వైపుల నుంచి నెట్ కేబుళ్లు, డిస్కు పోతే మార్చే మనిషి, అందరికీ కనిపించే స్థిరమైన ఐపీ. నెలనెలా కట్టేది వీటికే, కంప్యూటర్ ధర అందులో ఒక భాగం మాత్రమే.

అన్నింటికన్నా చవకైనది షేర్డ్ హోస్టింగ్. ఒక యంత్రం, ఒక ఐపీ, దాని మీద వందల సైట్లు. అంతమందిలో ఎవరి సైట్ కావాలో సర్వర్‌కు ఎలా తెలుస్తుందంటే, ఇందాకటి రిక్వెస్ట్‌లో చెప్పుకున్న "హోస్ట్" లైను చూసి. 1997లో హెచ్‌టీటీపీ 1.1 ఆ లైనును తప్పనిసరి చేసింది, అది లేకుండా వచ్చే రిక్వెస్ట్‌ను 400 అని వెనక్కి కొట్టాల్సిందే. అంతకుముందు ఒక్కో సైటుకు ఒక్కో ఐపీ కేటాయించాల్సి వచ్చేది. ఒక్క లైను చేర్చడం వల్ల సైట్ పెట్టుకోవడం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది, ఇంటర్నెట్‌లో ఇంతటి లాభసాటి లైను ఇంకోటి లేదేమో. షేర్డ్‌లో ఇబ్బందల్లా పక్కవాళ్లే. అదే యంత్రం మీదున్న ఇంకో సైటుకు రద్దీ వస్తే మన పేజీలు నత్తనడక నడుస్తాయి. "అన్‌లిమిటెడ్" అన్న మాటను కూడా అక్షరాలా నమ్మకూడదు: స్థలానికి హద్దు లేదంటారు గానీ ఎన్ని ఫైళ్లు పెట్టొచ్చు, సీపీయూ ఎంత వాడొచ్చు, ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడపొచ్చు అన్నవాటికి హద్దులుంటాయి, అవి నిబంధనల పేజీలో కింద ఎక్కడో ఉంటాయి. ఫైళ్ల సంఖ్యను అక్కడ ఐనోడ్లు అంటారు. స్థలం సగం ఖాళీగా ఉండగానే కొత్త ఫైలు ఎక్కడం లేదంటే చూడాల్సింది దాన్నే.

వీపీఎస్ అంటే అదే పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో గదులుగా కట్టి ఒక్కో గదిని ఒక్కో పూర్తి కంప్యూటర్‌లా ఇవ్వడం. ఇంత ర్యామ్, ఇన్ని కోర్లు అని ముందే కేటాయిస్తారు, పక్క గదిలో గోల చాలావరకు ఇటు రాదు. కానీ గది తాళంతో పాటు గది శుభ్రం చేసే పనీ మన మీదే పడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, అక్కర్లేని రాకపోకలను ఆపే ఫైర్‌వాల్, పాస్‌వర్డ్‌ల బదులు కీలతో లాగిన్, అన్నీ చూసుకోవాలి. కొత్త వీపీఎస్ పెట్టి లాగ్ ఫైలు తెరిస్తే మొదటి గంటలోనే దూరం నుంచి లాగిన్ అయ్యే 22 పోర్ట్ మీద ఎవరో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) పేరుతో పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తలుపు కొడుతుండడం కనిపిస్తుంది. ఎవరూ పగబట్టి చేస్తున్నది కాదు, కనిపించిన ప్రతి ఐపీనీ తట్టి చూసే ప్రోగ్రాములవి. వీటిని చూసుకునే ఓపిక లేనివాళ్లకు వీపీఎస్ వద్దు, అది షేర్డ్ కన్నా గొప్పదని ఎవరు చెప్పినా సరే. డెడికేటెడ్ అంటే యంత్రం మొత్తం ఒక్కరికే, కొత్తవాళ్లకు దాని అవసరం రాదు.

క్లౌడ్ అన్న మాట చుట్టూ పొగమంచు ఎక్కువ. అమెజాన్ 2006లో ఎస్3 (ఫైళ్లు దాచే చోటు), ఈసీ2 (అద్దె కంప్యూటర్లు) అన్నవాటిని తెచ్చినప్పటి నుంచి జరిగిన మార్పు యంత్రాల్లో కన్నా బేరంలో ఎక్కువ: నెల ప్లాన్ బదులు వాడినంతసేపటికే డబ్బు, కావాలంటే నిమిషాల్లో పది యంత్రాలు, అక్కర్లేదంటే నిమిషాల్లో సున్నా. రద్దీ పెరిగి తగ్గేవాళ్లకు ఇది వరం. రోజూ ఒకేలా వందమంది వచ్చే సైటుకు మాత్రం బిల్లు ఎంతొస్తుందో తెలియని టెన్షన్ తప్ప పెద్ద లాభం లేదు, ముఖ్యంగా బయటికి వెళ్లే డేటాకు విడిగా లెక్క కడతారన్న సంగతి మొదటి బిల్లు వచ్చాక తెలిసేవాళ్లు చాలామంది.

ఇప్పుడు మళ్లీ పేరు దగ్గరికి. కంప్యూటర్లకు పేర్లతో పని లేదు, ఐపీ అంకెలే కావాలి. ఒకప్పుడు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నింటి పేర్లూ ఒకే ఒక టెక్స్ట్ ఫైల్లో ఉండేవి, అందరూ దాన్నే కాపీ చేసుకునేవాళ్లు. అది మోయలేని స్థితి వచ్చాక 1983లో పాల్ మొకాపెట్రిస్ పేరుకు ఐపీ చెప్పే డీఎన్ఎస్ అనే పద్ధతిని రూపొందించాడు. పట్టికను ముక్కలు చేసి, ఎవరి ముక్క వాళ్లే చూసుకునేలా పంచేశాడు. బ్రౌజర్‌కు ఎగ్జాంపుల్.కామ్ కావాలంటే దాని తరఫున రిజాల్వర్ అనే మధ్యవర్తి ముందు రూట్ సర్వర్లను అడుగుతుంది, అవి డాట్‌కామ్ చూసేవాళ్లను అడగమంటాయి, వాళ్లు ఈ డొమైన్ నేమ్‌సర్వర్లు ఇవీ అని చూపిస్తారు, చివరికి ఆ నేమ్‌సర్వర్ ఐపీ చెబుతుంది. చెప్పిన జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో కూడా సెకన్లలో చెబుతుంది, దాన్నే టీటీఎల్ అంటారు. హోస్టింగ్ మార్చాక "మార్పు ప్రపంచమంతా పాకడానికి 48 గంటలు పడుతుంది" అనే మాట వింటుంటాం. ఏదీ ఎటూ పాకదు. మధ్యవర్తులు పాత జవాబును టీటీఎల్ తీరేదాకా పట్టుకుని ఉంటారు, అంతే. అందుకే సైట్ మార్చే ముందు రోజే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించి పెట్టుకుంటే మార్పు నిమిషాల్లో తెమిలిపోతుంది. నేమ్‌సర్వర్లనే మార్చేస్తే మాత్రం ఈ చిట్కా పూర్తిగా పనిచేయదు, ఆ రికార్డుల టీటీఎల్ డాట్‌కామ్ లాంటి పై స్థాయివాళ్ల చేతిలో ఉంటుంది.

ఈ పట్టిక ఎంత కీలకమో 2021 అక్టోబర్ 4న అందరికీ తెలిసొచ్చింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ సుమారు ఆరు గంటలు మాయమయ్యాయి. నిర్వహణ పనిలో భాగంగా ఇచ్చిన ఒక కమాండ్ ఆ కంపెనీ డేటా సెంటర్లను కలిపే అంతర్గత నెట్‌వర్క్‌ను తెంపేసింది. డేటా సెంటర్లతో మాట కలవకపోయేసరికి వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు తమలోనే లోపం ఉందనుకుని, తమ దగ్గరికి వచ్చే దారులను ప్రకటించడం మానేశాయి. సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, ఫొటోలూ మెసేజ్‌లూ డిస్కుల్లో భద్రంగానే ఉన్నాయి, కానీ వాటి చిరునామా చెప్పే దిక్కు లేకుండా పోయింది. డొమైన్ కొని ఐపీ రాయడం మరిచిన కొత్తవాళ్ల పరిస్థితీ, ఆ రోజు అంత పెద్ద కంపెనీ పరిస్థితీ బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి.

అడ్రస్ బార్‌లో "సురక్షితం కాదు" అన్న హెచ్చరిక ఇంకో సాధారణ బెడద. మామూలు హెచ్‌టీటీపీ 80 పోర్ట్ మీద, సర్టిఫికెట్ ఉన్న హెచ్‌టీటీపీఎస్ 443 మీద నడుస్తాయి. ఈ సర్టిఫికెట్ రెండు పనులు చేస్తుంది: దారిలో ఎవరూ చదవకుండా మాటలను తాళం వేస్తుంది, బదులిస్తున్నది నిజంగా ఆ పేరు గల సర్వరే అని ఇంకొకరి చేత చెప్పిస్తుంది. సైట్ నడిపేవాళ్లు మంచివాళ్లని మాత్రం అది చెప్పదు, మోసం చేసే సైటుకూ తాళం బొమ్మ రావొచ్చు. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాక దీనికి డబ్బు కట్టాల్సిన అవసరం చాలావరకు పోయింది, అయినా కొన్నిచోట్ల కొనుక్కోమని ముందుకు నెడుతూనే ఉంటారు. ఆ ఉచిత సర్టిఫికెట్లకు మొదటి నుంచీ గడువు 90 రోజులే, ఇక మీదట గడువులు ఇంకా కుదించుకుపోతున్నాయి, 2029 నాటికి ఎవరిచ్చిన సర్టిఫికెట్ అయినా గరిష్ఠంగా 47 రోజులే. చేత్తో మార్చుకునే రోజులు పోయినట్టే, హోస్టింగ్ తీసుకునేటప్పుడు ఇది దానంతటదే రెన్యూ అవుతుందా అని అడగాల్సిందే.

సర్వర్ ఎక్కడుందన్నది కూడా పట్టించుకోవాల్సిన విషయం. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పది వేల కిలోమీటర్ల దూరంలో సర్వర్ ఉంటే వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు. కనెక్షన్ కలపడానికి ఒక రౌండు, తాళం మాట్లాడుకోవడానికి ఒక రౌండు, పేజీ అడిగి తెచ్చుకోవడానికి ఒక రౌండు, అంటే యంత్రం ఎంత వేగంగా ఉన్నా మొదటి అక్షరం రాకముందే 300 మిల్లీసెకన్లు గడిచాయి. ఎక్కువ ర్యామ్ కొంటే ఇది తగ్గదు. చదివేవాళ్లకు దగ్గర్లో సర్వర్ తీసుకోవాలి, లేదా బొమ్మల్లాంటి మారని ఫైళ్లను చాలా ఊళ్లలో దాచి ఉంచే సీడీఎన్ వాడుకోవాలి.

అమ్మేవాళ్లు ఇచ్చే 99.9 శాతం హామీని కూడా లెక్కగట్టి చూస్తే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. మాట తప్పినా సాధారణంగా వెనక్కి వచ్చేది నెల కిరాయిలో కొంత భాగమే, పోయిన డేటాకు పూచీ ఉండదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు, కానీ బ్యాకప్ వేరేచోట పెట్టుకోని కస్టమర్లు కొందరు తమ డేటాను శాశ్వతంగా పోగొట్టుకున్నారు. బ్యాకప్ అనేది సర్వర్ ఉన్న భవనంలోనే ఉంటే, అదే అకౌంట్ కింద ఉంటే, దాన్ని బ్యాకప్ అనడం కష్టం. వారానికోసారి ఫైళ్లూ డేటాబేసూ రెండూ కిందికి దించుకుని, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వాటితో సైటును నిజంగా లేపి చూడాలి. డేటాబేస్ మరిచిపోయి ఫైళ్లు మాత్రమే దాచుకున్నవాళ్లకు థీమ్ మిగులుతుంది, వ్యాసాలు మిగలవు.

ఇదంతా తెలిశాక ఎర్రర్లు చదవడం తేలికవుతుంది. సర్వర్ దొరకలేదని బ్రౌజర్ అంటే పేరు దగ్గరే ఆగిందని అర్థం, డీఎన్ఎస్ చూడాలి, లేదా డొమైన్ గడువు తీరిందేమో చూడాలి. కనెక్షన్ తిరస్కరించారంటే యంత్రం దాకా వెళ్లారు గానీ ఆ పోర్ట్ దగ్గర ఎవరూ కూర్చుని లేరు, వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఆగి ఉంటుంది. ఎంతసేపటికీ జవాబు రాకుండా తిరుగుతూ ఉంటే ఫైర్‌వాల్ మీద అనుమానం పడొచ్చు. మూడంకెల సంఖ్య ఏదైనా కనిపించిందంటే మాత్రం పేరూ, దారీ, యంత్రమూ బాగున్నట్టే, సర్వరే నోరు తెరిచి మాట్లాడుతోంది. 500 అయితే సాధారణంగా కోడ్‌లోనో సెట్టింగుల్లోనో తప్పు, 502 అయితే ముందున్న సర్వర్ బాగుంది గానీ వెనకాల వండే ప్రోగ్రామ్ సరిగ్గా పలకలేదు.

మొదట్లో డొమైన్ కొని ఆగిపోయినవాళ్లు ఈ వరసలోనే నడవొచ్చు. హోస్టింగ్ తీసుకుని, అది ఇచ్చిన ఐపీని డొమైన్ పట్టికలో ఎ రికార్డుగా (పేరుకు ఐపీ చూపే వరస) రాస్తే అప్పటిదాకా ఖాళీగానో, డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ ప్రకటనలతోనో కనిపించిన పేరు టీటీఎల్ తీరగానే కొత్త యంత్రం వైపు తిరుగుతుంది. అప్పుడు చాలామందికి వచ్చేది 403, దాన్ని చూసి మళ్లీ కంగారు పడతారు గానీ అది మంచి కబురే: సర్వర్ దొరికింది, ఫోల్డర్ తెరిచింది, చూపించడానికి అందులో ఇండెక్స్ ఫైలు లేదు, ఫైళ్ల జాబితా బయటపెట్టే అనుమతీ లేదు. ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ ఎక్కించి రిఫ్రెష్ కొడితే పేజీ వస్తుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో లాగ్ తెరిస్తే చివర్లో 200 ఉన్న లైను ఒకటి ఉంటుంది, దాని కిందే చాలావరకు ఫేవికాన్ కోసం ఇంకో 404.